హాలోపెరిడాల్ డెకనోయేట్ ఇంజక్షన్: కోర్టు ఆర్డరుతో వాడేవారి కోసం రివ్యూ

అమెరికా ఫెడరల్ కేసుల్లో, విచారణ ఎదుర్కొనే మానసిక స్థితి లేని ముద్దాయిని విచారణకు సిద్ధం చేయడానికి, వద్దన్నా మందు ఎక్కించాలంటే 2003లో సెల్ అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు తీరాలి. వాటిలో కీలకమైనది ఇది: మందుతో స్థిమితం వచ్చే అవకాశం గట్టిగా ఉండాలి, దుష్ప్రభావాలు లాయరుతో మాట్లాడే శక్తిని దెబ్బతీయకూడదు. ఆర్డరులో మందు పేరు, గరిష్ఠ మోతాదు, గడువు రాయాలని 2008లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీలు కోర్టు) చెప్పింది. భ్రమలు, భ్రాంతుల వంటి తీవ్ర మానసిక లక్షణాలను తగ్గించే ఈ ఇంజక్షన్‌ను ఆ లెక్కలోనే చూశాం.

నెలకొకసారి సరిపోవడం దీని పెద్ద గుణం. మాత్ర బుగ్గన దాచి ఉమ్మేయడం ఉండదు. రోజూ మనిషిని పట్టుకుని సూది వేసే దుస్థితి తప్పుతుంది, మాకు అన్నిటికన్నా విలువైనది అదే.

మొదటి డోసు, నోటి ద్వారా తీసుకునే రోజువారీ మోతాదుకు 10 నుంచి 20 రెట్లు, కానీ 100 మి.గ్రా. దాటకూడదు. ఇంకా కావాలంటే మిగతాది 3 నుంచి 7 రోజుల తర్వాత. మాత్రలే మింగని వ్యక్తికి మందు పడుతుందో లేదో ముందు తెలియదు. అందుకే కొద్ది రోజులు త్వరగా పనిచేసే హాలోపెరిడాల్ లాక్టేట్ ఇచ్చి చూడాలి. రెండు ఆంపూల్స్ పేర్లూ దగ్గరగా ఉంటాయి, తారుమారైతే ప్రమాదం. డెకనోయేట్‌ను నరానికి ఎప్పుడూ ఇవ్వకూడదు.

ఇది నువ్వుల నూనెలో ఉంటుంది, చిక్కన. 21 గేజ్ సూది కావాలి. చర్మాన్ని పక్కకు లాగిపట్టి, పిరుదు కండరంలో లోతుగా, మెల్లగా ఎక్కించాలి. ఒక్కచోట 3 మి.లీ. మించితే గడ్డ కడుతుంది. తర్వాత రుద్దకూడదు. నువ్వులు పడనివారికి, పార్కిన్సన్స్ ఉన్నవారికి ఈ మందు వద్దు.

అసలు లోపం కాలం దగ్గరుంది. రక్తంలో మందు ఒక స్థాయికి కుదురుకోవడానికి మూడు, నాలుగు డోసులు పడతాయి. ముద్దాయిని ఆసుపత్రిలో ఉంచి స్థిమితపరచడానికి చట్టం ఇచ్చే తొలి గడువు నాలుగు నెలలకు మించదు. రెండో నెలలోనే "పనిచేయడం లేదు" అని రిపోర్టు రాసేస్తే ముద్దాయికి అన్యాయం. మందు కుదురుకునేదాకా నోటి మందో లాక్టేటో తోడివ్వాలి, దాన్నీ ఆర్డరులో ముందే రాయించుకోవాలి.

కాళ్లు నిలవని అశాంతి, బిగుసుకున్న ముఖం ఈ మందుతో తరచూ కనిపిస్తాయి. జ్యూరీ కంటికి మొదటిది తప్పు చేసినవాడి కంగారులా, రెండోది పశ్చాత్తాపం లేనట్టు కనిపించవచ్చు. 1992 రిగ్గిన్స్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కెన్నెడీ ఆందోళన ఇదే. బిగుతుకు బెంజ్‌ట్రోపిన్ ఇస్తే జ్ఞాపకం మందగించవచ్చు, లాయరుకు అవసరమైనదే అది. ముందు డోసు తగ్గించి చూడండి. కానీ ఒకసారి ఎక్కించాక వెనక్కి తీయలేం: సగం తగ్గడానికే సుమారు మూడు వారాలు.

గడువు బిగుతుగా ఉంటే పాలిపెరిడోన్ పామిటేట్ అనే మరో నెలవారీ ఇంజక్షన్ మేలు: జబ్బకు మొదటి రోజు 234, ఎనిమిదో రోజు 156 మి.గ్రా., నోటి మందు తోడు అక్కర్లేదు. ధర చాలా ఎక్కువ, పైగా ఆ పేరు ఆర్డరులో లేకపోతే మళ్లీ జడ్జి దగ్గరకు వెళ్లాలి.