తల్లుల బడి రోజులతో మొదలయ్యే శిక్షణ తరగతులు: ఒక సమీక్ష

పిల్లల చదువులో తోడ్పడాలనుకునే తల్లుల కోసం మా అబ్బాయి బడిలో ఒక కౌన్సెలర్ నిర్వహించిన శిక్షణ తరగతులకు నేను హాజరయ్యాను. ఇంట్లో ఎలా చదివించాలో నేర్పుతారనుకుని వచ్చినవాళ్లమే ఎక్కువమంది. ఆమె మాత్రం మొదటి రోజు పిల్లల ఊసే ఎత్తకుండా, మేము చదువుకున్న రోజుల్లో బడి మాకు ఎలా అనిపించేదో రాయమన్నారు.

అసలు విషయం ఆ రాతల్లోనే బయటపడింది. ఎక్కాలు అప్పజెప్పలేక తరగతి అందరి ముందు నిలబడ్డ ఒక తల్లి, కూతురు లెక్కల పుస్తకం తెరవగానే తెలియకుండానే గొంతు పెంచుతున్నారు. చదువు మధ్యలోనే ఆగిపోయిన మరొకరు, టీచర్ ఎదుట ఏం మాట్లాడాలో తోచక తల్లిదండ్రుల సమావేశాలకు వెళ్లడమే మానేశారు; ఆ బిడియాన్ని బడివాళ్లు అశ్రద్ధ అనుకున్నారు. ఇంట్లో మాత్రం పిల్లవాడి పుస్తకాలు రోజూ సర్దిపెట్టేది ఆవిడే.

లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేసినప్పుడు, ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువగా నేర్చుకున్నారనీ, వాళ్లలోనూ ఆ భయం పెరిగిందనీ, అంత తరచుగా సాయం చేయని ఇళ్లలో ఈ ప్రభావం కనిపించలేదనీ అమెరికాలో 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. దీన్ని వివరించాక కౌన్సెలర్ ఎవరినీ సాయం మానమనలేదు. తప్పులు దిద్దే పని టీచర్‌కు వదిలి, లెక్క ఎలా చేశాడో పిల్లవాడి చేతే చెప్పించుకుని ఓపికగా వినమన్నారు. ఈ తరగతుల్లో అన్నిటికన్నా విలువైన సలహా ఇదేనని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. బాగా చదివిన తల్లుల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. తనకు సులువుగా వచ్చిన పాఠం బిడ్డకు ఎందుకు రావడం లేదో అర్థంకాని తల్లి అసహనం కూడా పిల్లల్ని కుంగదీస్తుంది కదా! అంతకన్నా పెద్ద లోపం తండ్రులను పిలవకపోవడం. ఆ పరిశోధన తల్లిదండ్రుల గురించి మాట్లాడుతుండగా, భారమంతా తల్లుల మీదే మోపడం అన్యాయం.

మార్కులు పెంచే చిట్కాలు కావాలనుకునేవారికి ఇక్కడ నిరాశే ఎదురవుతుంది. పిల్లలు ఇప్పుడిప్పుడే బడిలో చేరినవారైతే తప్పక వెళ్లాలి, వీలైతే భర్తను కూడా తీసుకెళ్లే అనుమతి ముందే అడగాలి.