ఖాళీ అయిన సీటు నింపే బడి, నింపని బడి: ఏది మేలు?

అమెరికాలో చార్టర్ స్కూలు అంటే ప్రభుత్వ డబ్బుతో, ఫీజు లేకుండా, సొంత యాజమాన్యం కింద నడిచే బడి. మన గురుకులాల్లా ఎంట్రన్స్ ఉండదు. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. అందరి టెన్షన్ ఆ లాటరీ గురించే. నన్ను పట్టి పీడించే ప్రశ్న వేరు: ఒక పిల్ల మధ్యలో మానేస్తే ఆ సీటు ఎవరికి?

న్యూయార్క్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. 2006లో హార్లెమ్‌లో మొదలైన సక్సెస్ అకాడమీ అనే చార్టర్ బడుల సంస్థ చాలా ఏళ్లపాటు నాలుగో తరగతి దాటాక కొత్తవాళ్లను చేర్చుకోలేదు. డెమోక్రసీ ప్రెప్ అనే మరో సంస్థ పై తరగతుల్లోనూ ఖాళీలు నింపుతుంది, మన గురుకులాల బ్యాక్‌లాగ్ సీట్ల లాగా. రెండుచోట్లా ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలే కాబట్టి జాతులవారీ లెక్కలో తేడా కనిపించదు. తేడా మధ్యలో వచ్చేవాళ్ల దగ్గరే. అద్దె కట్టలేక ఇల్లు మారినవాళ్లు, షెల్టర్‌లో ఉంటున్నవాళ్లు, నిన్నగాక మొన్న దేశానికొచ్చి ఇంగ్లిష్ రానివాళ్లు. జనవరి చలిలో తల్లి చెయ్యి పట్టుకుని ఆరో తరగతికి వచ్చిన అలాంటి పిల్లవాణ్ని పేటలోని మామూలు ప్రభుత్వ బడి కాదనడానికి వీల్లేదు.

నింపనివాళ్ల వాదనలోనూ బలం ఉంది. ఆ పిల్లవాడికి ఇంకా భిన్నాలే రాకపోతే టీచర్ క్లాసంతా ఆపి చెప్పలేరు. సక్సెస్ పిల్లలు రాష్ట్ర పరీక్షల్లో నగర సగటును ఎంతో దాటిపోతారు, ఆ కష్టం నిజమైనదే. కానీ 73 మందితో మొదలైన తొలి బ్యాచ్‌లో 2018లో హైస్కూలు పూర్తిచేసింది 16 మంది. వెళ్లినవాళ్ల కారణాలు ఎన్నైనా ఉండొచ్చు, నాలుగో తరగతి దాటాక ఖాళీ అయిన సీట్లయితే ఎవరికీ దక్కలేదు.

మసాచుసెట్స్ 2010 చట్టం మధ్యేమార్గం పట్టింది: బడిలోని తరగతుల్లో మొదటి సగం వరకూ, ఫిబ్రవరి 15 లోపు ఖాళీ అయిన సీట్లు నింపాల్సిందే. నాకు ఇదీ చాలదు. పై తరగతుల్లోనూ నింపాలి, వచ్చిన బిడ్డకు సాయంత్రం విడిగా చెప్పే టీచర్‌కు డబ్బూ ఇవ్వాలి.

మీ ఊళ్లో చార్టర్ చూడ్డానికి వెళ్తే పాస్ శాతం ఒక్కటే చూడకండి. ఒకటో తరగతిలో ఎంతమంది, ఎనిమిదిలో ఎంతమంది, మధ్యలో కొత్తగా చేరినవాళ్లెందరు అని అడగండి.