మిరప నారుమడిలో ట్రైకోడెర్మా విరిడి పొడి: రెండేళ్ల వాడకం తరువాత

జూలై, ఆగస్టు ముసురుల్లో గుంటూరు ప్రాంతపు మిరప రైతును అన్నిటికంటే ముందుగా కలవరపెట్టేది నారుకుళ్ళు తెగులు. సాయంత్రం నిటారుగా కనిపించిన నారు తెల్లవారేసరికి మొదలు మెత్తబడి గుంపులు గుంపులుగా నేలకు వాలిపోతుంది. దీనికి ముఖ్య కారణమైన పిథియం అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి, నిలిచిన నీటిలో ఈదగల సిద్ధబీజాలతో (విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాలతో) ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేరుతుంది.

ఈ తెగులును ముందే అడ్డుకోవడానికి టాల్క్ పొడిలో కలిపి కిలో పొట్లాలుగా అమ్మే ట్రైకోడెర్మా విరిడిని రెండేళ్లుగా వాడుతున్నాను. ఇది శిలీంధ్రమే గాని, తెగులు కలిగించే జీవుల పోగులను చుట్టుకొని, వాటి కణకవచాన్ని కరిగించే ఎంజైములను విడిచి, వాటినే తిని బతుకుతుంది. రిచర్డ్ వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త ఈ గుణాన్ని 1932లోనే వివరించారు.

మొదటి ఏడాది నాకు దక్కింది నిరాశే. రేకుల కొట్టులో ఎండ తగిలే అరలో ఉన్న పొట్లాన్ని తేదీ చూడకుండా కొని, పొడిని నేరుగా మడి మీద చల్లాను. నారులో సగం పోయింది. వేడికి ఆ పొడిలోని జీవం చాలావరకు చచ్చి ఉంటుందని తరువాత అర్థమైంది.

రెండో ఏడాది తయారై రెండు నెలలు దాటని పొట్లాలు వెతికి తెచ్చి, 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువులోనూ 10 కిలోల వేపపిండిలోనూ కలిపి, తేమ ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ, గోనె పట్టాలు కప్పి చెట్టు నీడన పది రోజులు ఉంచాను. పట్టా ఎత్తి చూసినప్పుడు కుప్పంతా తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా బూజు పట్టి ఉండడం చూసి కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. అందులో కొంత 15 సెంటీమీటర్ల ఎత్తుమడులకు వేసి, మిగిలినది నాటే పొలానికి దాచాను. పోల్చుకోవడానికి ఒక మడిని వదిలేశాను. ముసురుకు అందులో నారు పెద్ద పెద్ద పాయలుగా పడిపోగా, ఎరువు వేసిన మడుల్లో ఒకటి రెండు చోట్ల మాత్రమే వాలింది.

కంపెనీ హైబ్రిడ్ విత్తనానికి ముందే రసాయన పూత ఉంటుంది కనుక, విత్తనశుద్ధి కంటే ఇలా ఎరువులో పెంచి వేయడమే మేలని నా అభిప్రాయం. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కలిస్తే ట్రైకోడెర్మా బతకదు. నారు వాలడం మొదలయ్యాక ఈ పొడి ఆదుకోదు. అప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి మడి తడపవలసిందే.

పొట్లం మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉంటాయని స్పష్టంగా అచ్చువేసే తయారీదారు, గడువు తేదీని మాత్రం వేలితో రుద్దితే చెరిగిపోయే సిరాతో వేశాడు. ప్రాణమున్న సరుకుకు ఆ తేదీయే అన్నిటికంటే ముఖ్యం.