తొక్కుడుకు మూడు, ఇంటి కట్టుబడికి నాలుగున్నర: హైదరాబాద్–ఖమ్మం సేవా సైకిల్ యాత్ర, మొదటి ఐదు రోజులు

ఎల్బీనగర్‌లో బయల్దేరి మూడు రోజుల్లో ఖమ్మం చేరడం, తర్వాతి రెండు రోజులు ఒక పేద కుటుంబం ఇంటి పనిలో చేయి వేయడం. పది రోజుల యాత్రలో మొదటి సగం ఇదీ. ఇరవై మంది, తోడుగా ఒక వ్యాను, ఒక మెకానిక్కు, సొంత సైకిల్ లేనివాళ్లకు అద్దె సైకిళ్లు. అమెరికాలో బైక్ అండ్ బిల్డ్ అనే సంస్థ 2000ల తొలినాళ్ల నుంచి నడిపిన పద్ధతే ఇది: ఊరూరా తొక్కుతూ, చందాలు పోగుచేస్తూ, దారిలో ఆగి ఇళ్లు కట్టడం. ఖమ్మాన్ని ఎంచుకోవడం కూడా బాగుంది. పేదలకు ఇళ్లు కట్టే సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో 1983లో పని మొదలుపెట్టింది అక్కడే.

మార్కులు ముందే చెప్పేస్తే పోతుంది. తొక్కే ఏర్పాట్లకు ఐదుకు మూడు, ఇంటి కట్టుబడికి నాలుగున్నర, నీళ్లకూ తిండికీ రెండు. ఈ నిర్వాహకులకు తాపీ పని బాగా తెలుసు. సైకిల్ సంగతే ఇంకా నేర్చుకోవాలి.

అద్దెకిచ్చేవి హైబ్రిడ్ సైకిళ్లు, 700 బై 32 టైర్లు, అంటే 32 మిల్లీమీటర్ల వెడల్పువి. ఈ రోడ్డుకు సరైన ఎంపికే. తప్పంతా వాల్వు దగ్గరుంది. అన్నిటికీ సన్నటి ప్రెస్టా వాల్వు ట్యూబులే వేశారు. హైవే పక్క పంక్చర్ షాపుల్లో ఉండే కంప్రెసర్ గొట్టం బైకులకూ కార్లకూ ఉండే లావు వాల్వుకే పడుతుంది. ప్రెస్టాకు గాలి కొట్టించాలంటే మధ్యలో చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి. చిటికెన వేలి గోరంత ఉంటుంది, దానికయ్యేదీ కొద్ది రూపాయలే. అది ఏ కిట్‌లోనూ పెట్టలేదు. ఇరవై మందికి పంపు ఒక్కటే, అదీ వ్యానులో. అడాప్టర్ కొనుక్కున్నా వాడే తీరు తెలియాలి. వాల్వు మూతి మీదున్న బుల్లి నట్టును పూర్తిగా వదులు చేసి, వేలితో ఒకసారి నొక్కి బుస్సుమనిపించి, అప్పుడు అడాప్టర్ బిగించాలి. నట్టు విప్పకుండా బిగిస్తే గాలి ఎక్కదు. షాపువాడు గొట్టం ఇంకాస్త అదిమితే ఆ సన్నటి కడ్డీ వంగిపోతుంది, ట్యూబు పని అంతటితో సరి. 70 కిలోల మనిషికి వెనక టైరులో గాలి ఒత్తిడి 60–65 పీఎస్ఐ చాలు. మీటరు చూడకుండా కొట్టనివ్వకండి.

సీటు ఎత్తు బయల్దేరే రోజు పొద్దున హడావుడిగా సరిచేస్తున్నారు. ముందురోజు సాయంత్రమే చేయాల్సిన పని ఇది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు కిందికుంటే మోకాలి చిప్ప ముందు నొప్పి, పైకుంటే మోకాలి వెనక నరాల్లో లాగుడు. ఏది నొప్పి పెడుతోందో చూస్తే సీటు ఎటు జరపాలో తెలిసిపోతుంది. ఒకేసారి అర సెంటీమీటరుకు మించి మార్చకండి. ప్యాడ్ ఉన్న షార్ట్ లోపల ఇంకేమీ వేసుకోకూడదన్న ముక్క కూడా ఎవరూ చెప్పడం లేదు. లోపలి కుట్టు ఒరుసుకుని, రెండో రోజుకల్లా తొడలు మండుతాయి.

సాధనకు అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కమని సలహా ఇస్తున్నారు. 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ అది. నానక్‌రామ్‌గూడ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి–కొల్లూరు వైపు పద్నాలుగున్నర కిలోమీటర్లు. నీడ ఉంది, బండ్ల గోల లేదు, ఊపిరీ కాళ్లూ సిద్ధం కావడానికి దివ్యమైన చోటు. కానీ పక్కనుంచి లారీ దూసుకెళ్లినప్పుడు ముందు నెట్టి, ఆ వెంటనే లోపలికి లాగే గాలిని తట్టుకుని హ్యాండిల్ నిలపడం ఆ కప్పు కింద రాదు. కనీసం రెండు ఆదివారాలు తెల్లవారుజామున హయత్‌నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా వెళ్లి రావాలి.

ఇక దారి. మొదటిరోజు ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్, చిట్యాల మీదుగా నార్కట్‌పల్లి, సుమారు 75 కిలోమీటర్లు. రెండో రోజు సూర్యాపేట, సుమారు 50. మూడో రోజు 65వ జాతీయ రహదారి వదిలేసి ఖమ్మం వైపు మళ్లి సుమారు 60. విభజన బాగుంది, రెండో రోజును తేలికగా ఉంచడం తెలివైన పని. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంటే ఖమ్మం 100 చిల్లర మీటర్ల దగ్గరుంది. మొత్తం మీద దిగుడే కదా, కాళ్లు ఆడించకుండా వెళ్లిపోవచ్చని కరపత్రంలో రాసినంత పని చేశారు. చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది, మన దారేమో తూర్పు–ఆగ్నేయం. దిగుడు ఇచ్చింది ఎదురుగాలి లాగేసుకుంటుంది. తొమ్మిది దాటాక ఆ గాలి ఇంకా పెరుగుతుంది. అందుకే ఆరున్నరకు జెండా ఊపి బయల్దేరదీయడం మాకు నచ్చలేదు. ఉపన్యాసాలూ ఫోటోలూ ముందురోజు ముగించి, ఐదుంపావుకు ముందూ వెనకా లైట్లతో కదిలితే పెద్ద అంబర్‌పేట జంక్షన్‌ను బస్సుల రద్దీకి ముందే దాటేయొచ్చు.

పంక్చర్లు ఎక్కువ అయ్యేది ముళ్లతో కాదు, తీగలతో. పేలిన లారీ టైర్ల ముక్కల్లోంచి వెంట్రుకంత ఉక్కు తీగలు రోడ్డు అంచున రాలి ఉంటాయి, సైకిలు తొక్కేదీ ఆ అంచునే. ట్యూబు మార్చేసి బయల్దేరితే పది కిలోమీటర్లకే మళ్లీ గాలి పోతుంది, ఎందుకంటే తీగ టైరులోనే ఉంటుంది. టైరు లోపలి వైపు చుట్టూ దూది గానీ పాత బనీను గుడ్డ గానీ రుద్దితే తీగ ఉన్నచోట పట్టుకుంటుంది. దాన్ని పట్టకారుతో బయటికి లాగాలి. వేలితో వెతికితే వేలే పంక్చర్ అవుతుంది. మెకానిక్కు ఈ పని చక్కగా చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే అతను కూర్చున్న వ్యాను అందరికంటే ముందు పోతుంది. టిఫిన్ దగ్గర కుర్చీలు వేయడానికట! తోడు బండి ఉండాల్సింది ఆఖరి సైకిల్ వెనక. టోల్‌గేటు దాటాక ఆగి తలలు లెక్కపెట్టే అలవాటు మాత్రం బాగుంది. పంతంగి దగ్గరా, కొర్లపహాడ్ దగ్గరా ఎడమవైపు చివరి దారిలోంచి వెళ్లి, దాటాక వంద అడుగుల అవతల ఆగాలి. సూర్యాపేటలో ఖమ్మం రోడ్డుకు మళ్లే చోట చాక్‌పీసుతో బాణం గుర్తు వేస్తే ఫోన్‌లో మ్యాపు తీసే పనుండదు.

నీళ్ల దగ్గర మాత్రం క్షమించలేం. మనిషికి ఒక సీసా ఇచ్చి పాతిక కిలోమీటర్లకోసారి నింపుతామన్నారు. ఎండెక్కాక గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి, అంటే రెండు సీసాలు తప్పనిసరి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చారు గానీ ఎలా కలపాలో చెప్పలేదు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకు కొలిచి తయారుచేసింది. గ్లాసెడు నీళ్లలో పోసి తాగితే దాహం పెరిగి కడుపులో తిప్పుతుంది. మధ్యలో టెట్రా ప్యాక్ తీపి నీళ్లు పంచారు. అవి ఓఆర్ఎస్ కావు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, సరైన పాళ్లు లేని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఫుడ్ సేఫ్టీ సంస్థ ఆదేశాలిచ్చింది. తిండిలో కూడా ఇదే తంతు. పొద్దున్నే పూరీ, బంగాళాదుంప కూర పెట్టి, వెంటనే నలభై కిలోమీటర్లు తొక్కమంటే ఎలా? ఇడ్లీ, అరటిపండు, ఉప్పేసిన మజ్జిగ చాలు.

బస ఫంక్షన్ హాళ్లలో. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు కాబట్టి హాళ్లు ఖాళీగా, చవకగా దొరుకుతాయి. ఎవరు ఆలోచించారో గానీ మంచి లెక్క. అలారం కూడా అక్కర్లేదు, నాలుగున్నరకల్లా గుడి మైకు లేపేస్తుంది.

నాలుగో రోజు నుంచి ఇంటి పని. అసలు మెచ్చుకోవాల్సింది ఇక్కడే. ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబాన్ని, అదీ బేస్‌మెంట్ దశలో ఉన్నవాళ్లను ఎంచుకున్నారు. ఆ పథకంలో 5 లక్షలు నాలుగు విడతలుగా వస్తాయి. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి లక్ష, మిగిలింది గోడలు లేచాక, స్లాబు పడ్డాక, ఇల్లు ముగిశాక. మొదటి రూపాయి రావాలంటే పునాది, బేస్‌మెంట్ సొంత డబ్బుతో లేపాలి. చేతిలో ఏమీ లేని కుటుంబం ఆగిపోయేది ఆ మెట్టు దగ్గరే. అక్కడ ఇరవై మంది రెండు రోజులు పడే చాకిరీకి ఉన్న విలువ, గోడలకు రంగులేసే దశలో ఉండదు.

పని చెప్పే మేస్త్రీ దొరకడం ఈ యాత్ర అదృష్టం. మొదటి పని బేస్‌మెంట్‌లో మొరం నింపడం. ట్రాక్టర్ మొరం ఒకేసారి కుమ్మరించి పైపైన చదును చేయనివ్వడు. ఆరంగుళాల మందం పరచడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ ఆరంగుళాలు. దిమ్మిస పడినప్పుడు మొదట మెత్తగా దబ్‌మంటుంది. అణిగాక చప్పుడు మారి టంగుమని చేతికి తిప్పికొడుతుంది. ఆ చప్పుడు వచ్చేదాకా పై పొర పోయనివ్వడు. తొందరపడి రెండడుగులు ఒక్కసారే నింపితే, ఒకటి రెండు వానాకాలాలకు లోపల కుంగి ఫ్లోరింగ్ పగులుతుంది.

ఇటుకల పనిలో మూలలు మేస్త్రీవే. రెండు మూలల మధ్య దారం లాగి కడతాడు, ఆ దారం వెంబడి మధ్య ఇటుకలు పేర్చేది మనం. దారానికి ఇటుక తగలకూడదు, వెంట్రుకవాసి ఎడం ఉండాలి. తగిలితే దారం బయటికి జరుగుతుంది, దాంతోపాటే గోడా. కొత్తవాళ్లు కింద మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, బాగానే వేస్తారు, ఇటుకకూ ఇటుకకూ మధ్య నిలువు సందును ఖాళీగా వదిలేస్తారు. వాన నీళ్లు లోపలికి దిగేది అక్కణ్నుంచే. ఎర్ర ఇటుకలను బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మాలులోని నీళ్లు పీల్చేస్తాయి. బూడిద ఇటుకలైతే పైన నీళ్లు చిలకరిస్తే చాలు. మాలులో సిమెంటు ఒకటికి ఇసుక ఆరు. బస్తా సిమెంటు 35 లీటర్లు కాబట్టి ఇసుక 210 లీటర్లు. అయితే చెమ్మ ఇసుక ఉబ్బి ఉంటుంది, దాన్ని కాస్త ఎక్కువే కొలవాలి. అర బస్తాకు మించి ఒకసారి కలపొద్దు, నీళ్లు పడ్డాక అరగంటలో వాడేయాలి. బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపితే మేస్త్రీ తట్టెత్తి పారబోస్తాడు. నిజంగానే పారబోస్తాడు.

అర మార్కు తగ్గించింది గ్లవ్స్ గురించి. పలచటి గుడ్డ గ్లవ్స్ ఇచ్చారు. తడి సిమెంటు ఘాటైన క్షారం, గుడ్డ దాన్ని పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది, సాయంత్రానికి వేళ్ల సందుల్లో మంట. అరచేతికి రబ్బరు పూత ఉన్నవి కావాలి. మూడు రోజులు హ్యాండిల్ మీద బరువు మోపిన చేతికి చిటికెన వేలు, ఉంగరం వేలు కొంత మొద్దుబారి ఉంటాయి, ఇటుక జారేది అలాంటి చేతుల్లోంచే. కాబట్టి నాలుగో రోజు పొద్దున ఇటుకల వరస ముట్టుకోకుండా, ఇసుక జల్లించడం, నీళ్లు పట్టడం లాంటి పనులతో మొదలుపెట్టాలి. సైకిల్ బూట్లతో పనిలోకి దిగొద్దు, పాత బూట్లు వ్యానులో వేసుకోండి.

చందాల సంగతి ఒక్క మాట. పన్ను మినహాయింపుకు పనికొచ్చే రసీదు అడిగితే ఇస్తున్నారు, కానీ 2,000 రూపాయలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు లేదని దాతకు ముందే చెప్పడం లేదు. యూపీఐలో తీసుకోండి.

ఇంకో జట్టు జనవరి రెండో వారంలో అంటున్నారు. సంక్రాంతికి ఊళ్లకు పోయే కార్లతో పంతంగి దగ్గర రోడ్డు నిండిపోయే రోజులవి, రోడ్డు అంచు కూడా మిగలదు. డిసెంబరు మూడో వారం జట్టులో చోటుంటే చూడండి, లేదా పండగ తర్వాత తేదీ అడగండి.