ఆరేళ్లుగా వాడుతున్న ఫ్రంట్ లోడ్ మెషిన్: నా కోపమంతా ఆ చక్రాల స్టాండు మీదే

మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొని ఆరేళ్లు దాటింది. ఉతుకు ఎలా ఉంటుంది, నీళ్లెన్ని తాగుతుంది అన్నవి అందరూ రాసేవే. నేను చెప్పాలనుకున్నది దాని కింద పెట్టే చక్రాల స్టాండు గురించి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మెషిన్ పెరటి వసారాలో ఉంటుంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనకాల బిగించే రవాణా బోల్టులు నాలుగూ విప్పి నా చేతిలో పెట్టాడు. అవి విప్పకుండా నడిపితే మొదటి రోజే మెషిన్ గంతులేస్తుంది కాబట్టి అది సరైన పనే. తర్వాత స్టాండు ఎక్కించాడు. "ఊడ్చుకోవడానికి జరుపుకోవచ్చండి, వానాకాలం నీళ్లొచ్చినా ఎత్తు మీద ఉంటుంది" అన్నాడు. మా వైపు నీళ్ల మాటెత్తితే ఎవరు కాదంటారు?

కొత్తలో అసలు చప్పుడే లేదని చెప్పి మా తోడికోడలి చేత కూడా ఇదే కొనిపించాను. ఇప్పుడైతే ఉతికేటప్పుడు చప్పుడు లేదని మాత్రమే చెబుతాను. నీళ్లు పిండేటప్పటి సంగతి వేరు.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం జంపఖానా ఒక్కటే వేసి వంటింట్లోకి వెళ్లాను. స్పిన్ మొదలైన కాసేపటికి గోడకి తగిలించిన గరిటెలు గలగలమన్నాయి. పరుగెత్తి చూస్తే మెషిన్ గోడ దగ్గర్నుంచి మూరెడు ముందుకొచ్చేసింది. నీళ్లు పోయే గొట్టం ఊడి వసారా అంతా నురగ. వైరు తీగలా బిగుసుకుపోయింది. స్విచ్ ఆపేసరికి నా చేతులు వణుకుతున్నాయి. మా చిన్నది రోజూ బొమ్మలు పరుచుకుని కూర్చునేది సరిగ్గా అక్కడే.

వచ్చిన మెకానిక్ బేరింగ్ పోయింది, డ్రమ్ము సెట్టే మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. బేరింగ్ పోతే డ్రమ్మును చేత్తో తిప్పినా గరగరమంటుంది. మాది మెత్తగా తిరుగుతోంది.

పక్కింట్లో పని చేస్తున్న తాపీ మేస్త్రిని పిలిచాను. ఆయన రసమట్టం తెచ్చి మెషిన్ మీద పెట్టాడు. బుడగ ఒక పక్కకి వెళ్లి కూర్చుంది. "మిషన్‌కేం రోగం లేదండి, రోగం కింద నేలకి" అన్నాడు. నల్లమట్టి మీద ఇసుక నింపి వేసిన వసారా మాది. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. ఒక మూల టైలు కుంగి, స్టాండు గొట్టం ఆ వైపుకి వంగిపోయింది. స్పిన్‌లో 1200 వేగమంటే డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు, అంటే సెకనుకి 20. తడి బట్ట అరకిలో ఒక పక్కకి చేరినా, ఆ వేగంలో దాని లాగుడు దాదాపు 190 కిలోల బరువంత ఉంటుంది. అసలే వంగిన స్టాండు దాన్నేం ఆపుతుంది?

ఆ మూల తవ్వించి, అడుగెత్తు కాంక్రీటు దిమ్మ కట్టించాం. మెషిన్ సొంత కాళ్ల మీదే నిలబెట్టి, నాలుగూ మట్టానికి తిప్పి, ఒక్కో కాలి లాక్ నట్టును పైకి, బాడీకి ఆనేదాకా స్పానరుతో నేనే బిగించాను. అది వదులుగా ఉంటే అదురుకి కాలు మళ్లీ తిరిగిపోతుంది. స్పిన్‌లో పైన గ్లాసుతో నీళ్లు పెట్టి చూశాను. నీళ్లు వణికాయి, తొణకలేదు. నాకెంత సంతోషం వేసిందో!

దిమ్మతో అన్నీ తీరిపోలేదు. జంపఖానా ఒక్కటే వేస్తే ఇప్పటికీ ముద్దై ఒక పక్కకి చేరుతుంది. మెషిన్ ఆగి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ మొదలుపెడుతుంది. తోడుగా రెండు తువ్వాళ్లు వేస్తున్నాను. ఐదో ఏడు డ్రమ్ము ఊగుడును ఆపే షాక్ అబ్జార్బర్లు కూడా మార్చాల్సొచ్చింది. డ్రమ్మును కిందికి నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి, మాది మూడుసార్లు ఊగింది. స్టాండు మీద నడిచిన ఆ మూడేళ్ల అదురే వాటిని తినేసిందని నా నమ్మకం.

రాజమండ్రి ఫ్లాట్‌లో మా తోడికోడలు ఇదే మెషిన్‌ని అలాంటి స్టాండు మీదే వాడుతోంది, ఇంతవరకూ ఇబ్బంది లేదు. గట్టి స్లాబు, ఇద్దరి బట్టలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు దిమ్మ కట్టుకోలేరు కూడా. మా లాంటి నేల మీద మాత్రం ఆ స్టాండు వద్దనే అంటాను. ఇప్పుడు ప్రతి ఏడూ వానలు తగ్గాక దిమ్మ మీద కూడా రసమట్టం పెట్టి చూస్తున్నాను. నిరుడు ఒక కాలు అరచుట్టు తిప్పాల్సొచ్చింది.