ఎర్రనేలల హ్యూమస్‌పై ఫ్లోరోసెన్స్: ఏళ్ల వాడకం తర్వాత

ఉష్ణమండల నేలల్లోని సేంద్రియ పదార్థాన్ని ఫ్లోరోసెన్స్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే కాంతితో ఉత్తేజపరిచిన పదార్థం తిరిగి ఇచ్చే వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా కొలిచే పద్ధతితో, ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నాను. నేలలో కార్బన్ ఎంతుందో తెలుసుకోవడానికి ఇది అక్కర్లేదు, దానికి మట్టిని కాల్చి కొలిచే విశ్లేషకాలు ఉన్నాయి. ఆ కార్బన్ ఎలాంటిది, ఈమధ్య రాలిన ఆకులదా, సూక్ష్మజీవుల చేతిలో నలిగి హ్యూమస్‌గా మారినదా అన్న ప్రశ్నకు మాత్రం ఇంత కొద్ది నమూనాతో, ఇంత త్వరగా జవాబిచ్చే పద్ధతి నాకు మరొకటి దొరకలేదు.

ఎర్రనేలల్లో దీని విలువ ఇంకా ఎక్కువ. ఆక్సిసాల్ అనే, బాగా శిథిలమైన ఉష్ణమండల ఎర్రనేలల నిండా హెమటైట్, గోథైట్ వంటి ఇనుప ఆక్సైడ్లే. హ్యూమస్ పరిపక్వతను స్వేచ్ఛా రాడికల్స్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులు) ద్వారా కొలిచే ఈపీఆర్ (ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెజొనెన్స్) పద్ధతిని ఈ మట్టికి వాడితే ఇనుము ఇచ్చే సంకేతమే మిగతాదంతా కప్పేస్తుంది. ఫ్లోరోసెన్స్‌కు ఆ ఇబ్బంది చాలావరకు లేదు. పూర్తిగా లేదని మాత్రం అనను. హ్యూమిక్ పదార్థానికి అంటిపెట్టుకున్న ఇనుము దాని వెలుగును అణచివేస్తుంది. అందుకే కాంతి తగ్గిన ప్రతి నమూనాలోనూ హ్యూమస్ తక్కువని నేను రాయను. ముందు ఆ నమూనా నుంచి తీసిన ద్రావణంలో ఇనుము ఎంతుందో చూస్తాను.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ద్రావణం చిక్కదనం మీద. హ్యూమస్ నుంచి క్షారంతో వెలికితీసిన హ్యూమిక్ ఆమ్లాన్ని 0.05 మోలార్ సోడియం బైకార్బొనేట్‌లో లీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతాను. పీహెచ్ 8 దగ్గర నిలుస్తుంది. ద్రావణం టీ డికాక్షన్‌లా ఉంటే క్యూవెట్ (ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్ర) ముందు గోడ దగ్గరే కాంతి ఆగిపోతుంది, బయటికి రావాల్సిన నీలి వెలుగును ద్రావణమే మింగేస్తుంది. వర్ణపటంలోని శిఖరం పొడవు తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది. పండిన హ్యూమస్ వెలిగేదీ అటువైపే కాబట్టి చూసేవారికి అది బాగా పండినట్టే కనిపిస్తుంది! నా పరీక్ష సులువైనది: ద్రావణాన్ని సగానికి పలచన చేస్తే వెలుగు కూడా సగం కావాలి. కాకపోతే ఆ కొలత పనికిరాదు.

హ్యూమస్ ఎంత పండిందో తెలిపే సూచికల్లో మిలోరి పద్ధతి నాకు నచ్చింది. 465 నానోమీటర్ల నీలికాంతితో ఉత్తేజపరిచి, వచ్చిన వర్ణపటం వైశాల్యాన్ని కొలవడమే అది. సంయుగ్మ బంధాలు (ఒకటి విడిచి ఒకటి వచ్చే ద్వంద్వ బంధాలు) ఎక్కువగా ఉన్న, పండిన హ్యూమస్‌లోని వలయ నిర్మాణాలే ఆ కాంతిని పట్టుకుంటాయి కాబట్టి దాని అర్థం స్పష్టం. మరో సూచిక అయిన జోల్నాయ్ పద్ధతిలో 240 నానోమీటర్ల దగ్గర ఉత్తేజపరుస్తారు. ఒకదాని అంకెను మరొకదానితో పోల్చకూడదు.

ఉత్తేజపరిచే కాంతినీ, వెలువడే కాంతినీ కలిపి చూపే త్రిమితీయ పటాలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ వాటిలోని శిఖరాలకు పేర్లు పెట్టే తొందర నాకు నచ్చదు. 275 దగ్గర ఉత్తేజితమై 340 దగ్గర వెలిగే శిఖరాన్ని చాలామంది ప్రోటీన్ అంటారు. లిగ్నిన్, టానిన్ల నుంచి వచ్చే ఫినాల్ పదార్థాలూ ఆ ప్రాంతంలో వెలుగుతాయి. అడవి మట్టి సారంలో అది కనిపించినంత మాత్రాన సూక్ష్మజీవుల పని అని తేల్చేయలేం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లేజర్ విధానం. బ్రెజిల్‌లోని సావో కార్లోస్‌లో ఆ దేశ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా శాస్త్రవేత్తలు దీన్ని అభివృద్ధి చేశారు. మట్టిని బిళ్లగా నొక్కి, 458 నానోమీటర్ల ఆర్గాన్ లేజర్ ప్రసరింపజేసి, వచ్చిన వెలుగును మొత్తం కార్బన్‌తో భాగిస్తారు. ఆ భాగఫలమే సూచిక. క్షారంతో సేంద్రియ పదార్థాన్ని వెలికితీసే బెడద లేదు, అందువల్ల దాని స్వరూపం మారిపోతుందన్న అనుమానమూ లేదు. దున్నకుండా సాగుచేసే పొలంలో పైపొర సూచిక తక్కువగా వస్తుంది, ఎందుకంటే అక్కడ కొత్త పంట వ్యర్థాలు చేరుతూనే ఉంటాయి. లోతుకు వెళ్లేకొద్దీ అది పెరగడం చూసినప్పుడు ఈ పద్ధతిపై నా నమ్మకం బలపడింది. అయితే అట్టడుగు పొరల్లో కార్బన్ అతి స్వల్పం. చిన్న అంకెతో భాగించినప్పుడు చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది కాబట్టి అక్కడి విలువలను పునరావృత కొలతలు లేకుండా నేను ఒప్పుకోను.

ద్రావణాలను కొలిచే పరికరంలో కాంతినిచ్చే జినాన్ దీపం వయసుతో మసకబారుతుంది. రోజూ పని మొదలుపెట్టేముందు శుద్ధజలానికి 350 దగ్గర ఉత్తేజనమిచ్చి, 397 ప్రాంతంలోని రామన్ శిఖరాన్ని (నీటి అణువులు చెదరగొట్టే కాంతి) నమోదు చేయాలి. కొత్తగా ఈ పరికరం కొనేవారు పక్కనే ద్రావణం ఎంత కాంతిని మింగుతుందో (శోషణం) కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ కూడా ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా దీన్ని కొనవద్దనే చెబుతాను.