దీర్ఘకాల నిర్ణయం: మామూలు తీర్మానమా, స్థాయీ నియమమా, నియమావళి సవరణా?

300 మంది సభ్యులున్న సంఘం. సర్వసభ్య సమావేశానికి వచ్చింది 50 మంది. ఏటా వచ్చే చందాలో పదో వంతు నిల్వనిధికి మళ్లించాలని తీర్మానం పెట్టారు. 26 మంది ఔనన్నారు, 24 మంది కాదన్నారు. నెగ్గింది. మరి వచ్చే ఏడాది కార్యవర్గం మారితే? పదేళ్ల తర్వాత ఈ 50 మందిలో సగం మంది లేకపోతే?

ఇక్కడ నేను రాబర్ట్స్ రూల్స్ లెక్క ప్రకారం మాట్లాడుతున్నాను. అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ 1876లో వెలువరించిన సభానిర్వహణ నియమాలివి. 2020లో 12వ కూర్పు వచ్చింది. మీ సంఘం ఏదైనా చట్టం కింద నమోదై ఉంటే ముందు ఆ చట్టం, తర్వాత మీ సొంత నియమావళి, ఆ తర్వాతే ఈ పుస్తకం.

ముందుగా మామూలు తీర్మానం సంగతి. పాత కార్యవర్గంతో పాటే పాత తీర్మానాలూ పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. గడువు రాయని తీర్మానం రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. తీసేయడం మాత్రం పెట్టినంత తేలిక కాదు. ముందస్తు నోటీసు లేకుండా రద్దు చేయాలంటే పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి, అంటే 50 మంది ఓటేస్తే 34. సమావేశ పిలుపులోనే ‘ఫలానా తీర్మానం రద్దుకు ప్రతిపాదన’ అని రాసి పంపితే మామూలు మెజారిటీ, 26 చాలు. నోటీసు లేకపోయినా మొత్తం సభ్యుల్లో సగానికి మించి, మన లెక్కలో 151 మంది, ఔనన్నా సరిపోతుంది. 26 ఓట్లతో వచ్చినదాన్ని తీయడానికి 34 కావాలా అని గొణిగేవాళ్లుంటారు. నాకైతే ఇది న్యాయంగానే కనిపిస్తుంది. నోటీసు చూసి ఉంటే వచ్చి ఉండేవాళ్లను పక్కనపెట్టి, ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లే పాత మాట మార్చేయకుండా ఇది అడ్డుపడుతుంది.

మామూలు తీర్మానానికి అసలు జబ్బు వేరే ఉంది. అది మినిట్స్ పుస్తకంలో, టీ ఖర్చుల ఆమోదానికీ సంతాప తీర్మానానికీ మధ్య ఎక్కడో పడి ఉంటుంది. ఆరేళ్ల తర్వాత కొత్త కార్యదర్శికి అది కనబడదు. అప్పటి సభ, తెలియక, చందా మొత్తం భవనం మరమ్మతులకే వాడాలని స్వల్ప మెజారిటీతో ఇంకో తీర్మానం చేస్తుంది. ఎవరో పాత సభ్యుడు పుస్తకం తిరగేసి పాయింట్ ఆఫ్ ఆర్డర్, అంటే నియమం తప్పారన్న అభ్యంతరం, లేవనెత్తుతాడు. అమల్లో ఉన్న తీర్మానానికి విరుద్ధంగా, దాని రద్దుకు కావలసిన ఓట్లు లేకుండా చేసిన రెండో తీర్మానం చెల్లదు. పైగా ఈ అభ్యంతరానికి గడువు లేదు, ఆ రెండో తీర్మానం అమలు జరుగుతున్నంతకాలం ఎప్పుడైనా లేవనెత్తవచ్చు. ఈలోగా సంతకం చేసిన కాంట్రాక్టులు, ఖర్చయిపోయిన డబ్బు సంగతి అధ్యక్షుడే తల పట్టుకుని చూసుకోవాలి.

రెండోది స్థాయీ నియమం, అంటే సంఘం పనులు నడిచే తీరు గురించి ఎప్పటికీ పాటించేలా పెట్టుకునే నియమం. నిజం చెప్పాలంటే బలంలో దీనికీ మామూలు తీర్మానానికీ తేడా లేదు. అదే మెజారిటీతో వస్తుంది, అవే ఓట్లతో పోతుంది. తేడా ఉండే చోటు ఒకటే: దీన్ని విడిగా ఒక జాబితాలో, నియమావళి వెనకాల అచ్చువేసి పెడతారు. వెతకనక్కర్లేదు. ఒక్క సమావేశం వరకు పక్కన పెట్టాలంటే మామూలు మెజారిటీతో పెట్టుకోవచ్చు కూడా. కానీ ఆ వెసులుబాటు ‘లోపలికి వచ్చేవారు హాజరు పుస్తకంలో సంతకం చేయాలి’ లాంటి, సభ జరుగుతున్నప్పుడు వర్తించే నియమాలకే. నిల్వనిధి లాంటి సభ బయటి వ్యవహారాన్ని అలా పక్కన పెట్టడం కుదరదు, సవరించాల్సిందే.

(ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు మాట్లాడాలి లాంటి చర్చా నియమాలు వేరే కోవ. వాటికి నోటీసూ మూడింట రెండు వంతులూ రెండూ కావాలి, లేదా మొత్తం సభ్యుల మెజారిటీ.)

ఇక నియమావళి సవరణ. నియమావళిలోనే సవరణ విధానం రాసి ఉంటే అదే. ఏమీ రాయకపోతే నోటీసుతో పాటు మూడింట రెండు వంతులు, లేదా మొత్తం సభ్యుల మెజారిటీ. దీన్ని ఆ పూటకు పక్కన పెడదాం అంటే, సభానిర్వహణ తరహా అంశాలు తప్ప, కుదరదు. దీనికి విరుద్ధంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసినా చెల్లదు. నోటీసు కూడా గట్టిగానే కట్టేస్తుంది: కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, 10 శాతం నుంచి 20కి పెంచాలని నోటీసిస్తే సభలో దాన్ని 15కి తగ్గించవచ్చు, 25కి పెంచకూడదు. ఇంకొకటి, నెగ్గిన క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. పదవీకాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గిస్తూ, ‘ఇప్పుడున్నవారికి వర్తించదు’ అన్న ముక్క కలపడం మరిచిపోతే కూర్చున్నవాళ్ల కాలమే తెగిపోతుంది.

గట్టిదనం చూసి ముచ్చటపడి ప్రతిదీ నియమావళిలో ఎక్కించే సంఘాలున్నాయి. చందా మొత్తం కూడా అంకెతో సహా రాసేస్తారు. ఖర్చులు పెరిగాక దాన్ని పెంచాలంటే 60 మంది ఓటేసే సభలో 21 మంది కాదంటే చాలు, ఆగిపోతుంది. ఈ రోజు 40 మందికి నచ్చిందని రేపటి 39 మంది చేతులు కట్టేయడం నాకు సబబుగా తోచదు.

అందుకే నా ఓటు ఇలా పడుతుంది. సభ్యత్వ హక్కులు, ఎన్నికలు, కోరం, కార్యవర్గం అధికారాల హద్దులు నియమావళిలోకే వెళ్లాలి. మెజారిటీకి కోపం వచ్చిన రోజున కూడా కదలకూడనివి ఇవే. స్థలం కొనడం, ఒక భవనానికి పేరు పెట్టడం లాంటి ఒక్కసారి చేసి ముగించే పనులకు మామూలు తీర్మానం చాలు. ఏళ్ల తరబడి నడవాల్సిన డబ్బు విధానాలన్నీ స్థాయీ నియమాలుగా పెట్టి, గడువు కూడా అందులోనే రాయాలి. నిల్వనిధికైతే నేను రాసే వాక్యం ఇది: ‘చందా వసూళ్లలో పదో వంతును ఏటా నిల్వనిధికి జమ చేయాలి, ఈ నియమం ఆమోదం పొందిన తర్వాతి అయిదో వార్షిక సభ ముగిసేవరకు అమల్లో ఉంటుంది.’ ఆ అయిదో సభ ఎజెండాలో దీని పొడిగింపు అంశం పెట్టే పని కార్యదర్శిదని కూడా ఇందులోనే కలిపేయండి.